చెవి మడత

ఆ లాండ్రీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గడియారమ్మే. ఎదురుగా అనేంత చనువు కొందరికే ఉండేది, మిగతావాళ్ళు చాటుగా అనుకునేవాళ్ళు. చిత్రమేమిటంటే ఆవిడ చేతికి గడియారం ఉండదు. ఒకరోజు పని మధ్యలో తల ఎత్తకుండానే, "గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడింది, ఎవరైనా సరిచేయండి" అంది. ఎవరో ఫోను తీసి చూస్తే నిజమే. అప్పుడు అంటుకున్న పేరు ఇక ఏ సబ్బుకీ వదల్లేదు.

ఊళ్ళోని ఆస్పత్రులకూ హోటళ్ళకూ దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు ఉతికిచ్చే లాండ్రీ అది. ముందు ఉతుకు హాలు, దాని వెనక ఆరబెట్టే యంత్రాలు, ఆ తర్వాత ఇస్త్రీ హాలు, నడవ దాటితే మడతగది, ఆ పక్కన తనిఖీ గది. తనిఖీ గది గడియారమ్మది. ఇరవై ఏళ్ళ వయసులో తల్లి వెంట పనికి వచ్చి, తడిబట్టలు మోయడంతో మొదలుపెట్టి, ఒక్కో గదీ దాటుకుంటూ అక్కడికి చేరింది.

దాటిన ప్రతి గదిలోనూ ఏదో ఒక దండగ పనిని వదిలించి మరీ దాటింది. మనం పనిని చూస్తాం, ఆవిడ పనిలోని దండగని చూస్తుంది. ఇస్త్రీ హాల్లో ఒక కత్తెర ఉండేది. దారాలు కత్తిరించాల్సి వచ్చినప్పుడల్లా "కత్తెరేదీ, కత్తెరేదీ" అని హాలంతా ఒకటే కేకలు. ఆవిడ దానికి తాడు కట్టి దూలానికి వేలాడదీసింది. అంతే, కేకలు పోయాయి. ఎంత చిన్న పని. పన్నెండు మంది పదేళ్ళుగా వెతుక్కున్నారు గానీ ఒక్కరికీ తాడు తట్టలేదు. బండి ఎప్పుడు బయల్దేరిందో రాసే పుస్తకంలో 'ఆలస్యానికి కారణం' అని ఒక గడి గీసింది కూడా ఆవిడే. కారణం రాయాల్సి వచ్చేసరికి డ్రైవర్ల ఆలస్యాలు సగం తగ్గాయి.

అన్నిటికన్నా పేరు తెచ్చింది క్లిప్పులు. అంతకుముందు దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలూ పట్టుకుని దూరంగా నిలబడి, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచి, ఒకరి చేతిలోని మూలలు ఇంకొకరి చేతికి అందించాలి. ఆవిడ బల్ల అంచుకి రెండు క్లిప్పులు బిగించింది. రెండు మూలలు క్లిప్పులు పట్టుకుంటాయి, రెండు మూలలు మనిషి పట్టుకుంటుంది. "ఒక మనిషి పనికి ఇద్దరెందుకు?" అంది. ఆ మాట యజమానికి ఎంత నచ్చిందంటే, కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్ళకీ మూడేసిసార్లు చెప్పేవాడు. ఆయన మంచివాడే, కాకపోతే ఏ మాటనైనా మూడుసార్లు చెబితే గానీ చెప్పినట్టు అనిపించదు ఆయనకి.

"మా ఆవిడ కలలో కూడా అడ్డదారినే వెళ్తుంది, అందుకే అంత తొందరగా నిద్ర లేస్తుంది" అనేవాడు ఆమె భర్త. ఆవిడ నవ్వేది కాదు గానీ కోప్పడేది కూడా కాదు.

అలాంటి మనిషి బల్ల మీదే లాండ్రీ మొత్తానికీ పెద్ద దండగ కూర్చుని ఉంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా.

సంగతి ఇదీ. ఇస్త్రీ అయిన దుప్పట్లు మడతగదికి వెళ్తాయి. అక్కడ ముగ్గురు ఆడవాళ్ళు వాటిని చక్కగా మడిచి, పదేసి చొప్పున కట్ట కట్టి తనిఖీ గదికి పంపుతారు. తనిఖీ గదిలో గడియారమ్మా, ఇంకో ఇద్దరూ ఆ కట్ట విప్పి, మడత విప్పి, మరక ఉందా చిరుగు ఉందా అని దీపం కింద చూసి, మళ్ళీ మడిచి, మళ్ళీ కట్ట కడతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఎప్పుడో ఒక హోటల్‌వాళ్ళు మరక ఉందని గొడవ చేస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, యజమాని అన్నిటికీ చివర ఒక తనిఖీ పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది. ఒక్కో దుప్పటికీ నిమిషం. పొద్దున్న ఆస్పత్రికి పోయే నాలుగు వందల దుప్పట్లకీ ముగ్గురు కలిసి రెండుంబావు గంటలు.

ఇస్త్రీ మర నుంచి దుప్పటి తనంతట తనే పరుచుకుని బయటికి వస్తుంది. ఆ మర పక్కన నిలబడి చూస్తే చాలు, మరకలన్నీ అక్కడే కనబడతాయి. మడతకి ముందే చూసేస్తే విప్పే పనే లేదు. ఇది గడియారమ్మకి తెలీదా? ఏడేళ్ళ కిందటే తెలుసు. చెబుదామనుకుంటూ ఉండగా తల్లి మంచం పట్టింది, చెప్పడం వాయిదా పడింది. ఆ తర్వాత చెప్పలేదు. "ఇంకా ఏమైనా తగ్గించొచ్చా అమ్మా?" అని యజమాని ఏటా మూడుసార్లు అడిగేవాడు. "ఇంకేం లేదండీ" అనేది. పని దగ్గర ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే.

ఎందుకంటే ఆ మడతగదిలోని ముగ్గురిలో ఒకరు ఆమె చెల్లెలు. ఆ చెల్లెలు ఆమెతో మాట్లాడి ఆరేళ్ళయింది.

ఇళ్ళు రెండు వీధుల దూరంలోనే. పని ఒకే కప్పు కింద. కానీ మడతగది వాళ్ళు గంట ఆలస్యంగా వస్తారు, వెనక గేటు నుంచి వస్తారు, అటునుంచే పోతారు. ఎప్పుడైనా నడవలో ఎదురుపడితే చెల్లెలు గోడ మీది నోటీసు చదువుతూ నిలబడేది. నిప్పంటుకుంటే ఏం చేయాలో చెప్పే నోటీసు అది. ఆరేళ్ళలో చెల్లెలికి కంఠతా వచ్చి ఉంటుంది.

అయినా గడియారమ్మకి చెల్లెలి సంగతులన్నీ తెలుసు. మడతలు చెప్పేవి. కట్ట విప్పగానే ఏది చెల్లెలి చేతిదో తెలిసిపోయేది. ఆ మడత తల్లి నేర్పింది. దుప్పటి మడత చివర మిగిలే మూలని తల్లి 'చెవి' అనేది. ఆ చెవిని లోపలికి తోసేయాలి, అప్పుడు ఎంత దూరం మోసినా మడత వీడదు. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ చెవిని పైనే వదిలి అరచేత్తో నొక్కేసేవాళ్ళు, దానికీ ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. చెల్లెలు మాత్రం లోపలికి తోసి, బొటనవేలితో ఒక గీత గీసేది. ఆ గీత గట్టిగా ఉంటే చెల్లెలికి ఆ రోజు బావున్నట్టు. పలచగా ఉంటే చేతులు నొప్పిగా ఉన్నట్టు. ఒకసారి వారం రోజులు గీత వంకరగా వచ్చింది. ఆ తర్వాత తెలిసింది, మేనకోడలు టైఫాయిడ్‌తో పడుకుందని. ఇంకోసారి మడతలన్నీ తొందర తొందరగా, కాస్త పొగరుగా కూడా ఉన్నాయి. మేనకోడలికి ఉద్యోగం వచ్చిన వారం అది. గడియారమ్మ ఆ వారం ఒక్కో మడతనీ విప్పడానికి నిమిషం కాదు, రెండు నిమిషాలు తీసుకుంది.

ఇంతకీ గొడవేమిటంటారా? వినండి, ఆస్తి కాదు, నగలు కాదు. గోడ మీద అంటించిన ఒక కాగితం.

తల్లి మంచంలో ఉన్న అయిదు నెలలూ ఇద్దరు కూతుళ్ళే చూసుకున్నారు. గడియారమ్మ ఒక కాగితం మీద గడులు గీసి, ఏ పూట ఎవరిదో రాసి గోడకి అంటించింది. ఒకరున్నప్పుడు ఇంకొకరు రావడం దండగ. ఇద్దరూ ఒకేసారి అలిసిపోతే మూడోవాళ్ళు లేరు. లెక్క సరైనదే, ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ చెల్లెలు తన వంతు కానప్పుడు కూడా వచ్చి, మంచం చివర తల్లి కాళ్ళ దగ్గర కూర్చునేది. "ఇప్పుడు నీ పూట కాదుగా, పోయి పడుకో" అని అక్క తరిమేది. ప్రేమతోనే తరిమేది. ప్రేమ ఉన్నా మనిషిని గుమ్మంలోంచి పంపేస్తే పంపేసినట్టే కదా.

ఒక మంగళవారం సాయంత్రం చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది. "అమ్మ పడుకుంది. రేపు పొద్దున నీ వంతేగా, అప్పుడు రా" అంది అక్క, గుమ్మంలోనే. చెల్లెలు ఏదో అంది, అక్క ఏదో అంది, చెల్లెలు వెళ్ళిపోయింది. కాసేపటికి తల్లి కళ్ళు తెరిచింది.

"చిన్నది వచ్చినట్టుంది. గొంతు వినబడింది. ఏదీ?"

"రేపు దాని వంతమ్మా."

"సరే, రేపేగా" అని తల్లి గోడ వైపు తిరిగింది. దీపాలు పెట్టే వేళకి పోయింది.

అన్నీ అయ్యాక చెల్లెలు అడిగింది, "అమ్మ నా గురించి ఏమైనా అందా?" అని. అక్క నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు. "నిద్రలోనే పోయింది" అంది. దాన్ని బాధపెట్టడం ఎందుకని అంది, తన తప్పు బయటపడుతుందని కూడా అంది. ఏది ఎక్కువో ఆవిడకే తెలీదు. చెల్లెలు గోడ మీది కాగితాన్ని చూసింది. "అమ్మ దగ్గర కూచోవడం కూడా డ్యూటీయేనా అక్కా?" అంది. "నేను చేసిన తప్పేంటి? ఇద్దరి మంచికేగా చేశాను" అంది అక్క. అదే ఆఖరు మాట. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగారు, పంతంలో ఒకరికొకరు తీసిపోరు.

ఆరేళ్ళుగా ఆ మాట గడియారమ్మ గొంతులోనే ఉంది. 'చిన్నది వచ్చినట్టుంది.' అది చెల్లెలికి చేరాల్సిన మాట, ఎంత బాధపెట్టినా దానిదే. చెప్పాలని ఉండేది. చెబితే ఇక ఎప్పటికీ మొహం చూడదేమోనని భయంగానూ ఉండేది. ఎన్నో దారులు దగ్గర చేసిన మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం ఏ దారీ తోచక చెల్లెలి మడతలు విప్పుకుంటూ కూర్చుంది.

అటునుంచి ఇటు మడతలు వచ్చేవి సరే, ఇటునుంచి అటు పోయేది కూడా ఒకటుంది. మడతలో తప్పుంటే, ఎలాగూ విప్పి మళ్ళీ మడిచేదే అయినా, తనిఖీ గది దాన్ని సరిచేయకూడదు, చీటీ పెట్టి వెనక్కి పంపాలని యజమాని నియమం. చెల్లెలి దుప్పట్లలో తప్పేం ఉంటుంది? కానీ బుధవారం బుధవారం ఒక్క దుప్పటి, ఒకటంటే ఒకటే, చెవి బయటికి వచ్చి వేలాడుతూ ఉండేది. గడియారమ్మ దానికి కారణం కూడా కట్టింది. చెల్లెలి వీధిలో బుధవారం తెల్లవారుజామున నీళ్ళు వస్తాయి, చీకట్లో లేచి పట్టుకోవాలి, అందుకే అలసట. లెక్క కుదిరింది, ఇక ఆలోచించలేదు. చీటీ రాసేది, 'మూల సరిచేయాలి' అని. సరిచెయ్యి అని రాయడానికి చనువు పోయింది. సరిచేయండి అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండూ కాకుండా అలా రాసి, చీటీ మడిచి, దుప్పటి మీద పెట్టి పంపేది. వారంలో చెల్లెలికి తన చేత్తో పంపేది ఆ రెండు మాటలే. వాటిని చాలా శుభ్రంగా రాసేది.

ఇలా ఇంకెన్నాళ్ళు సాగేదో గానీ, ఒకరోజు యజమాని గదిలో సబ్బుల జాబితా చూపిస్తుండగా ఫోను మోగింది. ఆయన స్పీకర్ పెట్టాడు. ఆస్పత్రి నుంచి ఒక నర్సు.

"మీ బండి పదిన్నరకొస్తే, ఆరింటికి చేరిన మనిషిని నేనెక్కడ పడుకోబెట్టాలండీ? ఇవాళ ఒక పెద్దావిడని ఉత్త పరుపు మీద పడుకోబెట్టాం. ప్లాస్టిక్ పరుపు. వీపంతా అంటుకుపోతోందని ఏడ్చిందావిడ. మీ అమ్మనైతే అలా పడుకోబెడతారా?"

యజమాని క్షమించమన్నాడు, మూడుసార్లు. ఫోను పెట్టేసి, "ఏం చేద్దామమ్మా, మన దగ్గర తగ్గించడానికి ఇంకేం లేదన్నారుగా" అన్నాడు.

గడియారమ్మ తన గదికి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఒక దుప్పటి విప్పి, చెవి మీది బొటనవేలి గీతని వేలితో తడిమింది. ఎవరో తల్లి ఉత్త పరుపు మీద ఏడ్చింది. ఎందుకంటే తను ఇక్కడ కూర్చుని రోజూ చెల్లెల్ని చదువుకుంటోంది. ఎంత తిప్పి చూసినా ఆ లెక్క మారలేదు. సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళి, "తగ్గించొచ్చండీ, ఒకటుంది" అని ఉన్నదంతా చెప్పింది. ఎప్పటినుంచి తెలుసో మాత్రం చెప్పలేదు.

పై సోమవారం తనిఖీ గదికి తాళం పడింది. ఆవిడ బల్ల, దాంతోపాటు మిగతా ఇద్దరూ ఇస్త్రీ హాల్లోకి, మర పక్కకి వచ్చారు. దుప్పట్లు పరుచుకుని వస్తుంటే నిలబడి చూడడం, బాగున్నవాటిని తోపుడు బండి మీద వేసి నడవ అవతలికి తోయించడం. మడతగదిలో మడుస్తారు, కట్టి అటునుంచి అటే బండికెక్కిస్తారు. ఆస్పత్రి బండి ఎనిమిదికల్లా వెళ్ళిపోయేది. నర్సు ఫోను చేసి థాంక్స్ చెప్పింది. యజమాని గడియారమ్మకి ఒక తిరిగే కుర్చీ కొనిచ్చాడు. ఆవిడ పని నిలబడి చేసేది, కుర్చీ దేనికో ఆయనకే తెలియాలి. ఇస్త్రీవాళ్ళు దాంట్లో టీ ఫ్లాస్కు కూర్చోబెట్టారు.

అన్నీ బావున్నాయి. గడియారమ్మకి మాత్రం రోజు గడిచేది కాదు. కాలం ఆదా చేయడం తెలిసిన మనిషికి ఆదా అయిన కాలాన్ని ఏం చేసుకోవాలో తెలీలేదు. ఇప్పుడు ఇటునుంచి అటు పోవడమే, అటునుంచి వచ్చేదేమీ లేదు. చెల్లెలికి జ్వరమొచ్చినా తెలీదు, చేతులు నొప్పి పుట్టినా తెలీదు. మరలోంచి దుప్పట్లు తెల్లగా, ఎవరి చెయ్యీ పడకుండా వచ్చేవి. బుధవారం వచ్చేది, చీటీ రాయాల్సిన పని ఉండేది కాదు. జేబులో పెన్ను ఉండేది, ఊరికే తడుముకునేది. ఇంటికి వెళ్ళి భర్త మడిచిన తువ్వాలు విప్పి చూసేది. ఆయన మడతలో ఏముంటుంది, ఆయన మడతపెట్టడమే గొప్ప.

"చెల్లెలి దగ్గరికి వెళ్ళరాదూ?" అన్నాడాయన ఒకరోజు.

"ఏమని వెళ్ళను?"

"అడ్డదారులన్నీ తెలిసిన దానివి, నన్నడుగుతావేం?"

ఆవిడ తువ్వాలు మళ్ళీ మడిచి పెట్టేసింది.

నాలుగు వారాలు గడిచాయి. నాలుగో బుధవారం మధ్యాహ్నం మడతగది పెద్దమ్మ ఇస్త్రీ హాల్లోకి వచ్చింది. ఆమె ముగ్గురిలోకీ వయసులో పెద్దది, గడియారమ్మ తల్లితో కలిసి పనిచేసిన మనిషి. ఇస్త్రీ మర పక్కన కాసేపు చేతులు కాచుకుంది. గడియారమ్మ వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"ఒక మాట చెబుతాను. పెద్దదాన్ని, కోప్పడకు. ఇంత తెలివి పెట్టి పని తగ్గించావు, బానే ఉంది. ఆ చీటీ ఒక్కటీ ఉంచాల్సింది."

"ఏ చీటీ పెద్దమ్మా?"

"బుధవారం చీటీ. నీ చెల్లెలు ఇవాళ కూడా ఇక్కణ్ణుంచి తోపుడు బండి వచ్చినప్పుడల్లా దుప్పట్ల మధ్య చెయ్యి పెట్టి వెతికింది. ఏం పారేసుకున్నావే అంటే చెప్పదు."

"మడతలు నా దగ్గరికి రావట్లేదుగా. తప్పుంటే కదా చీటీ."

పెద్దమ్మ ఇప్పుడు తిరిగి చూసింది.

"తప్పా? మీ అమ్మ నేర్పిన చేతికి తప్పు మడత వస్తుందటే? పక్కనే నిలబడి ఆరేళ్ళు చూశాను. అన్నీ మడిచేసి, ఆఖర్న ఒకటి తీసి, ఆ చెవిని పనిగట్టుకుని బయటికి లాగేది. నువ్వు పంపిన చీటీలన్నీ బిస్కెట్ డబ్బాలో పెట్టుకుంది. డబ్బా నిండితే ఇంకోటి నేనే ఇచ్చాను." ఆమె చేతులు దులుపుకుంది. "నీకు తెలిసే రాస్తున్నావనుకున్నాను. ఇన్నీ లెక్క కట్టేదానివి, ఇది కట్టలేదా?"

గడియారమ్మ చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది. బుధవారం. నీళ్ళొచ్చే రోజు అనుకుంది తను. బుధవారం చెల్లెలి వంతు. గోడ మీది కాగితంలో, తన చేత్తో రాసిన గడిలో, బుధవారం పొద్దున చెల్లెలి వంతు. ఆ వంతు దానికి దక్కలేదు. అప్పటినుంచీ బుధవారం వచ్చినప్పుడల్లా అది అక్క తలుపు తడుతూనే ఉంది. తను లోపల కూర్చుని, మూల సరిచేయాలి అని రాసి పంపుతోంది.

హోటల్ బండి వచ్చే వేళయింది. ఇంకా నలభై దుప్పట్లు మడవాలి. గడియారమ్మ మర దగ్గర ఇంకొకరిని నిలబెట్టింది. ఇన్నేళ్ళలో పని మధ్యలో ఆవిడ తన చోటు వదలడం ఎవరూ చూడలేదు. దుప్పటి ఒకటి తీసుకుని బల్ల మీద మడిచింది, తల్లి నేర్పినట్టే. చివరికి వచ్చాక చెవిని లోపలికి తొయ్యకుండా బయటికి లాగింది. దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని నడవలోకి వచ్చింది. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి పద్దెనిమిది అడుగులు. ఎప్పుడో కొలిచి పెట్టింది, నడవడమే ఇవాళ.

చెల్లెలు కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. మడతలు అన్నీ చెప్పాయి గానీ ఇది చెప్పలేదు. గడియారమ్మ దుప్పటిని దాని ముందు పెట్టింది.

చెల్లెలు దుప్పటిని చూసింది. వేలాడుతున్న చెవిని చూసింది.

"మూల సరిగా లేదు" అంది.

"తెలుసు."

"చీటీ ఏదీ?"

"చీటీ లేదు. నేనే వచ్చాను."

మిగతా ఇద్దరూ తమ బల్లల మీదికి ఇంకాస్త వంగారు. చెల్లెలు దుప్పటి మడత విప్పి, అలవాటుగా రెండు మూలలు క్లిప్పులకి తగిలించబోయింది. గడియారమ్మ ఆ మూలలు తను పట్టుకుంది.

"ఇద్దరెందుకు? నువ్వు పెట్టించిన క్లిప్పులున్నాయిగా." ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అలసట ఉంది.

గడియారమ్మ మూలలు వదల్లేదు. వెనక్కి నడిచింది. దుప్పటి ఇద్దరి మధ్యా బిగిసింది. దులిపారు. ఒకరి వైపు ఒకరు నడిచారు. అక్క చేతిలోని మూలలు చెల్లెలి చేతిలోకి మారే చోట, వేళ్ళు తగిలే చోట, గడియారమ్మ ఆగింది.

"ఆ రోజు అమ్మ నిద్రలో పోలేదు."

చెల్లెలు తల ఎత్తింది.

"నువ్వెళ్ళాక లేచింది. చిన్నది వచ్చినట్టుంది, ఏదీ అని అడిగింది. రేపు దాని వంతు అన్నాను. సరే, రేపేగా అంది." ఆవిడ తన మూలలు చెల్లెలి చేతిలో పెట్టేసింది. "నేను నిన్ను కేకేసి ఉండాల్సింది. నువ్వు వీధి చివర కూడా దాటి ఉండవు. కేకెయ్యలేదు."

బయట హోటల్ బండి హారన్ మోగింది.

"నా గొంతు వినబడిందా అమ్మకి?" అంది చెల్లెలు.

"వినబడింది."

"నేను వచ్చానని తెలుసా?"

"తెలుసు. చిన్నది వచ్చినట్టుంది అంది."

చెల్లెలు నాలుగు మూలలూ గుండెకి అదుముకుని నిలబడింది. ఇస్త్రీ చేసిన దుప్పటి నలిగిపోతోంది, ఎవరూ వద్దనలేదు. "వచ్చానని తెలీకుండానే పోయిందనుకున్నాను" అంది. "ఆరేళ్ళు అదే అనుకున్నాను." తర్వాత కళ్ళు తుడుచుకుని అక్కని సూటిగా చూసింది. "ఇది చెప్పడానికి ఆరేళ్ళు పట్టిందా నీకు? నీకా?"

గడియారమ్మ తల వంచుకుంది. చెల్లెలు క్షమించానని అనలేదు, ఆవిడ అడగనూ లేదు. హారన్ మళ్ళీ మోగింది. చెల్లెలు నలిగిన దుప్పటిని పక్కన పెట్టేసింది, అది మళ్ళీ ఇస్త్రీకి పోవాలి.

"ఇంకా ఎన్నున్నాయి?"

"ముప్పై తొమ్మిది."

చెల్లెలు తోపుడు బండి మీంచి ఇంకో దుప్పటి తీసి, దులిపి, ఒక కొస అక్క వైపు విసిరింది. రెండు మూలలూ గడియారమ్మ చేతుల్లో పడ్డాయి. వెనక్కి నడిచారు, ముందుకి నడిచారు. మూలలు అందించుకున్నారు. చెల్లెలు చెవిని లోపలికి తోసి, బొటనవేలితో గీత గీసింది. గీత పలచగా, వణుకుతూ వచ్చింది. గడియారమ్మ ఆ గీతని ఈసారి పడుతుండగా చూసింది.

బండి పదకొండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. డ్రైవరు పుస్తకం తెచ్చి, కారణం గడి మీద వేలు పెట్టాడు. "నా తప్పు కాదమ్మా, మీరే రాయండి" అన్నాడు. గడియారమ్మ జేబులోంచి పెన్ను తీసింది. చెల్లెలు పక్కనే నిలబడి చూస్తోంది. ఆ గడి మొదలయ్యాక టైరు పంక్చర్లు, వానలు, డీజిల్ అయిపోవడాలు ఎన్నో పడ్డాయి అందులో. ఆవిడ వాటి కింద శుభ్రంగా రాసింది, 'దుప్పట్లు ఇద్దరం మడిచాం' అని.